పరదా జట్కా

చెక్క మీద ఒక్కసారి తడితే పోనియ్యమని. రెండుసార్లు తడితే ఆపమని. మా బాపు బతుకంతా ఆ రెండు చప్పుళ్ళ మధ్యనే గడిచింది.

ఘోషా ఆడవాళ్ళ గొంతు జట్కావాడి చెవిన పడకూడదు. వాళ్ళ బురఖా అంచు కూడా వాడి కంట పడకూడదు. వాళ్ళు బండెక్కేటప్పుడు జట్కావాడు వీపు తిప్పి గోడకేసి చూస్తూ నిలబడాలి. బండి వెనక్కి వంగితే ఎక్కుతున్నారని, మళ్ళీ సమంగా నిలిస్తే కూర్చున్నారని వాడే తెలుసుకోవాలి. అప్పుడు ముందుకొచ్చి పగ్గాలు పట్టుకుని, పరదా వెనక నుంచి వచ్చే ఆ ఒక్క తట్టు కోసం కాచుకోవాలి.

షాలీబండ దగ్గర ఒక నవాబు దేవిడి ఉండేది. ఆ దేవిడి పెద్ద బేగంను మా బాపు పెంటయ్య నేను పుట్టకముందు నుంచీ అట్లాగే తిప్పాడు. ఆమె ముఖం ఎన్నడూ చూడలేదు. ఆమె పోయిననాడు మాత్రం గుర్రానికి నీళ్ళు పెట్టడం కూడా మరిచి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"ముఖం తెల్వని మనిషికి ఏడుస్తున్నవా బాపు? వాళ్ళు మనకేమన్న చుట్టాలా?"

"ముఖం తెల్వకుంటే ఏందిరా? తట్టే చెయ్యి తెల్సు" అన్నాడు.

గోడకేసి నిలబడిన ఆ వీపంటే చిన్నప్పటినుంచీ నాకు అసహ్యం. నేను జట్కావాళ్ళ యూనియన్‌లోకి ఎందుకు వచ్చానని ఎవరైనా అడిగితే పుస్తకాల పేర్లు చెప్పను. ఆ వీపు చూసి వచ్చాను.

ఇది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక ఎండాకాలం సంగతి. ఉలవలు దొరకడం లేదు. గడ్డిమోపు ముట్టుకుంటే మండుతోంది. సర్కారు మాత్రం సవారీ రేటు పాతదే ఉంచింది. దాని మీద బేగారి ఒకటి. పోలీసు నాకా జమేదారు చిటికె వేస్తే చాలు, జట్కా ఊరికే కట్టాలి. వాడి బియ్యం బస్తాలు, వాడి బామ్మర్దులు, వాడి బామ్మర్దుల మేకలు, అన్నీ మా గుర్రాల వీపు మీదే. ఖుర్దాద్ నెలలో, అంటే ఏప్రిల్‌లో, ఫలక్‌నుమా నుంచి చార్మినార్ దాకా అన్ని అడ్డాల వాళ్ళం బండ్లు విప్పేశాం. హర్తాల్. అబ్దుల్ వాహెద్ అధ్యక్షుడు. సెక్రటరీని నేను, ప్రహ్లాద్‌ను.

జహనుమా అడ్డాలో, నీళ్ళ తొట్టి గట్టు మీద నిలబడి కట్టుబాటు చెప్పింది కూడా నేనే. హర్తాల్‌లో ఎవరి బండి రోడ్డెక్కితే వాళ్ళ మొహానికి మసి. అడ్డాలో వాళ్ళ నంబరు పోయినట్టే. నంబరంటే అడ్డాలో బండి నిలిపే చోటు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి మాకు అదొక్కటే. నంబరు లేని బండికి సవారీ రాదు, సవారీ లేని గుర్రం బతకదు. తొట్టి పక్కన ఒకటో నంబరు మా బాపుది.

మొదటి వారంలోనే దస్తగీర్ దొరికాడు. పిల్లలు పస్తులున్నారని స్టేషన్ నుంచి ఒక సవారీ మోశాడు. మసి నా చేత్తోనే పూశాను. దస్తగీర్ కళ్ళు మూసుకుని పూయించుకున్నాడు. వాడి తమ్ముడు యూనుస్ పక్కనే నిలబడి చూశాడు. ఆ మసిడబ్బా ఆ రోజు నుంచి తన దగ్గరే పెట్టుకున్నాడు.

హర్తాల్ మొదలయ్యేదాకా మా బాపుకు సోయి తప్పుతోందని మాకెవ్వరికీ తెలియదు. గుర్రం తెలియనియ్యలేదు. లాడ్లి మా ఆడగుర్రం. సవారీ ఎక్కడికో చెపితే బాపు తల ఊపేవాడు, తోవ లాడ్లి చూసుకునేది. పొద్దున లేస్తే మేత, మేత అయితే మాలీసు, మాలీసు అయితే పగ్గాలు, పగ్గాలు కడితే అడ్డా. ఒక పని ఆయన చెయ్యి పట్టుకుని ఇంకో పనికి అప్పజెప్పేది. అట్లా పొద్దు గుంకేదాకా ఆయన ఎక్కడా పడిపోకుండా నడిచేవాడు. హర్తాల్‌తో ఆ పనుల గొలుసు తెగింది. మంచి పనికే తెగింది. కానీ తెగింది.

మూడో నాడో నాలుగో నాడో, పొద్దున్నే లాడ్లిని బండికి కడుతుంటే చూశాను.

"బాపు, యాడికి?"

"అడ్డాకు. పొద్దెక్కింది కనవడ్తలేదా?"

"హర్తాల్ నడుస్తుంది బాపు. బండ్లు బంద్."

"ఎవడు బంద్ వెట్టిండు?"

"మేమే."

"మీరెవరు?"

నేను నవ్వాను. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. నా మొహం కేసి, దుకాణంలో కొత్త గుమాస్తాను చూసినట్టు చూశాడు. తర్వాత "సరే తీయ్" అని గుర్రాన్ని విప్పాడు. నేను చాయ్ తాగి వచ్చేసరికి మళ్ళీ కడుతున్నాడు.

"బాపు, యాడికి?"

"అడ్డాకు."

ఆ రోజంతా కట్టడం, విప్పడం. మర్నాడు కట్టడంలో కూడా తప్పు పోయింది. గుర్రాన్ని కట్టకుండానే బండెక్కి కూర్చుని, "చల్ బేటా, చల్" అంటున్నాడు. గుర్రం కొట్టంలోనే నిలబడి ఆయన కేసి చూస్తోంది. అది కదలడం లేదని ఆయనకు కోపం వచ్చింది. దిగి, పొయ్యి దగ్గర కట్టెపేడు తీసుకుని పోయి దాని ముట్టె మీద కొట్టాడు. ఎన్నడూ కొరడా పట్టిన మనిషి కాదు. నోటి మాటతోనే బండి నడిపేవాడని అడ్డా అంతా చెప్పుకునేది. నేను ఉరికిపోయి చెయ్యి పట్టుకున్నాను. కట్టె కింద పడింది. లాడ్లి ముక్కు మీద చీరుకుని నెత్తురు వచ్చింది. బాపు ఆ నెత్తురు చూసి బిత్తరపోయాడు. దాని జూలులో మొహం పెట్టి వలవల ఏడ్చాడు.

"ఎవడు కొట్టిండే నిన్ను? ఎవని చెయ్యి ఇరగ..."

మా ఆవిడ సక్కుబాయి గుమ్మంలో నిలబడి ఇది చూసింది. లోపలికి పోయి పగ్గాలు అటక మీదికి విసిరేసింది.

ఆ జబ్బుకు పేరొకటి ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. తెలిస్తే మాత్రం ఏం ఊడబొడిచేవాణ్ణి? హకీం నాడి పట్టి, మెదడు ఎండింది, బాదం నూనె పట్టించమన్నాడు. గుర్రానికి ఉలవలు లేని ఇంట్లో బాదం నూనె! దవాఖానాలో డాక్టరు కళ్ళెత్తి చూడకుండానే "ముసలితనం" అని తరువాతి వాణ్ణి పిలిచాడు.

పక్కిల్లు వాహెద్ భాయ్‌ది. వాహెద్ వాళ్ళ అమ్మ ఖైసర్ బేగం జనానా వదిలి, అంటే ఆడవాళ్ళ గదులు వదిలి, గడప దాటే మనిషి కాదు. మా బాపు ఆ గడప కేసి కన్నెత్తి చూసే మనిషి కాదు. గోడకు ఇవతల నుంచి "బహెన్, ఖైరియత్?" అంటే అవతల నుంచి "అల్లా మెహర్బానీ" అని వినపడేది. ఏళ్ళ తరబడి అంతే మర్యాద. ఒక మధ్యాహ్నం సక్కుబాయి మొహం పాలిపోయి పరుగెత్తుకొచ్చింది.

"గిటు రా! మామ వాళ్ళ జనానాలకు పోయిండు!"

గోడ దగ్గర నిలబడి "ఖాలా, ఖాలా" అని పిలిచాను. లోపలి నుంచి నవ్వు వినిపించింది.

"ఒర్లకు బేటా. ఈడనే ఉండు. పొయ్యి ముంగట కూసోని నా రొట్టె తింటుండు."

"తప్పయింది ఖాలా. సోయి లేదు..."

"సోయి లేదని నాకు తెల్వదా? సోయి ఉంటె గీ గడప తొక్కుతుండెనా? గిన్నేండ్లకు ఒక మొగోడు నా రొట్టె మంచిగుందన్నడు. తిననియ్యి. ఆయన తిన్నంక పంపిస్త."

అప్పుడు నవ్వాం. సక్కుబాయి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ అటు తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. నల్లా దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటుంటే ధోతి విప్పి స్నానానికి కూర్చున్నాడు. వాడలో ఒక ముసలాయన చనిపోతే పాడె ముందు నిలబడి పకపక నవ్వాడు. హోటల్లో పక్కవాడి సాసర్ అందుకుని చాయ్ ఊదుకుంటూ తాగేశాడు. ఎవడో చెయ్యి ఎత్తితే, మరొకడు "పెంటయ్యన్నరా, ఛోడ్" అన్నాడు. ఆ "ఛోడ్" అంటే వదిలెయ్యమని. మా బాపు అడ్డాలో అడుగుపెడితే కుర్రాళ్ళు బీడీలు దాచేవాళ్ళు ఒకప్పుడు.

సక్కుబాయి కష్టం వేరు. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. ఆమె తన వాటా కూడా ఆయనకే పెట్టేది. ఆయన తిని, మూతి తుడుచుకుని, వీధిలోకి పోయి, కోడలు బువ్వ పెట్టడం లేదని ఇంటింటా చెప్పి వచ్చేవాడు.

"నీ హర్తాల్‌ల పస్తులున్న, ఏడ్వలే" అంది ఒకనాడు, గిన్నె తోముతూ, నాకేసి చూడకుండా. "గాజులు పోయినయి, ఏడ్వలే. గీ మాటకు ఏడుపొస్తుంది. వాడకట్టు ఆడోళ్ళు నన్ను సూసి మొఖం తిప్పుకుంటుండ్రు."

"ఆయనకు తెల్వకనే అంటుండు."

"నాకు తెల్సు. వాళ్ళకు తెల్వదుగద."

నేను మీటింగుకు పోయాను. ఆ ఎండాకాలం జవాబు లేనప్పుడల్లా నాకో మీటింగు ఉండేది.

తీర్ నెల, అంటే మే, వచ్చేసరికి గుర్రాలు ఎముకల గూళ్ళయ్యాయి. మా వాళ్ళు కొందరు సైదాబాద్ పోయి మట్టి మోస్తున్నారు. అప్పుడు సర్కారు దిగింది. రేపు మాట్లాడదాం రమ్మన్నారు. ఒకటే షరతు. అప్పటిదాకా ఒక్క బండి రోడ్డెక్కినా హర్తాల్ ముగిసినట్టే లెక్క, ఇక మాటల్లేవు. షరతు విన్నప్పుడే నాకు అర్థమైంది, ఏదో ఒక బండిని వాళ్ళే ఎక్కించాలని చూస్తారని. అందుకే అందరినీ తొట్టి దగ్గరికి పిలిచాను. ఎవరి కళ్ళ ముందు వాళ్ళుంటే మంచిదని. మధ్యాహ్నం. ఎండ రాళ్ళు పగలగొడుతోంది. గుర్రాలు తాగని తొట్టిలో నీళ్ళు పచ్చబడ్డాయి.

ఎవడో "బండి!" అన్నాడు.

షాలీబండ వైపు నుంచి ఒక జట్కా వస్తోంది. చుట్టూ పరదా. పక్కన నాకా జమేదారు, పెండ్లికొడుకు గుర్రం పక్కన నడిచే బామ్మర్దిలాగా కర్ర ఊపుకుంటూ.

"ఖతం! హర్తాల్ ఖతం!" దూరం నుంచే అరిచాడు. "సూడుండ్రి, లీడర్ సాబ్ బాప్ గాడీ నడుస్తుంది! మీరేందిరా, ఇండ్లల్ల కూసోని మట్టి బుక్కుతున్నరు?"

గుర్రం లాడ్లి. పగ్గాల చోట మా చేదబావి తాడు. ముందు బాపు, తలపాగా తీరుగా చుట్టుకుని, నిటారుగా కూర్చున్నాడు. ఆ ఎండాకాలమంతా ఆయన అంత నిటారుగా కూర్చోవడం నేను చూడలేదు. ఆ పరదా సక్కుబాయి పెండ్లి చీర. నేను గుర్తుపట్టాను. ఇంకెవరికీ తెలియదు. లోపల ఎవరున్నారో నాకూ తెలియదు.

మావాళ్ళు చప్పుడు లేకుండా లేచి నిలబడ్డారు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఇంటి దారి కేసి చూడడం నా కంట పడింది. సెక్రటరీ తండ్రి బండే కదిలితే మన గుర్రాలేం పాపం చేశాయని ఆ చూపు.

యూనుస్ మసిడబ్బా తీసుకుని ముందుకొచ్చాడు.

"అన్నా, నువ్వు పూస్తవా, నేను పుయ్యాల్నా?"

"యూనుస్, ఆగు. ముసలాయనకు సోయి లేదని నీకు తెల్వదా?" అన్నాడు వాహెద్.

"సోయి లేదు సరే. లోపల సవారీకి గూడ సోయి లేదా? మా అన్న ఒక్క సవారీ మోసిండు భాయ్. పిల్లల ఆకలికి మోసిండు. ఆనాడు మసి పూసెటప్పుడు ప్రహ్లాదన్న చెయ్యి వణకలే."

"ముందుగాల లోపల ఎవరుండ్రో సూడాలె" అన్నారు ఎవరో.

ఎవరు చూస్తారు? వాహెద్ అందరికీ అడ్డం నిలబడ్డాడు. "పరదా మీద మొగోని చెయ్యి పడ్డదంటె ఇగ హర్తాల్ ముచ్చట ఎవరికి యాదుండదు. బస్తీ అంత కత్తులు వట్టుకోని లేస్తది. దూరం జరుగుండ్రి!"

జమేదారుకు కావలసింది అదే. వాడు మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

నేను పోయి లాడ్లి కళ్ళెం పట్టుకున్నాను. దాని నోటి నుంచి నురగ కారుతోంది.

"బాపు, ఆపు."

"తట్టలే" అన్నాడు.

"ఏంది?"

"రెండుసార్లు తట్టలే. ఎట్ల ఆపుత?"

"లోపల ఎవరుండ్రు బాపు? యాడికెల్లి ఎక్కించుకున్నవ్?"

చెంప మీద కొట్టాడు. చిన్నప్పుడు కూడా కొట్టని మనిషి.

"జనానా గురించి అడుగుతవురా? తమీజ్ ఉన్నదా? ఎవని కొడుకువిరా నువ్వు?"

దెబ్బ నన్నేం చేయలేదు. ఆ చివరి మాట తిట్టు కాదు. ఆయన నిజంగానే అడిగాడు. జవాబు కోసం నా మొహం కేసి చూశాడు కూడా.

అప్పుడు సందులోంచి సక్కుబాయి రొప్పుకుంటూ వచ్చింది. పొద్దున నల్లాకు పోయి వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉందట, అప్పటి నుంచీ వెతుకుతోందట. ఆమె వెనక బురఖాలో, కర్ర ఊతంగా, ఖైసర్ బేగం. ఆ ముసలావిడ రోడ్డు మీద నడవడం వాహెద్ కూడా చూసి ఎన్నాళ్ళయిందో. "అమ్మీ!" అన్నాడు. ఆమె చెయ్యెత్తి వాణ్ణి ఆపింది. నేరుగా బండి వెనక్కి పోయింది. చీర అంచు ఎత్తి తల లోపల పెట్టింది.

చాలాసేపు ఆమె తల బయటికి రాలేదు.

"ఎవరది?" అన్నాడు బాపు. "ఎవరది పరదా ముట్టింది? హుజూర్, ఫికర్ వెట్టుకోకుండ్రి, నేనున్న..."

ఖైసర్ బేగం ఇటు తిరిగి యూనుస్‌తో మెల్లగా, బాపుకు వినపడకుండా చెప్పింది.

"ఎవ్వరు లేరు బేటా. దిండు ఉంది. కూజాల నీళ్ళున్నయి. ఇసనకర్ర ఉంది."

తర్వాత తెలిసింది. బాపు దేవిడి జనానా గుమ్మం ముందు బండి నిలిపి, ఎండలో, గోడకేసి తిరిగి నిలబడ్డాడట. పొద్దున నుంచి నిలబడ్డాడట. లోపలి వాళ్ళకు మోటారు కారు వచ్చి చాలా కాలమైంది. కాపలావాడికి విసుగు పుట్టి, తమాషాకు, కర్రతో బండి చెక్క మీద ఒక్కసారి తట్టాడట. బాపు బండి కదిలించాడు.

యూనుస్ డబ్బా దించాడు. "ఖాలీ బండి సవారీ కాదన్నా. పోనియ్యి" అన్నాడు.

జమేదారు పెద్దగా నవ్వాడు. "శభాష్! దస్తగీర్‌కు ఒక కానూన్, లీడర్ బాపుకు ఒక కానూన్!"

అందరూ నాకేసి చూశారు. దస్తగీర్ చివర్లో నిలబడి ఉన్నాడు. చెవుల వెనక మసి ఇంకా పూర్తిగా పోలేదు.

"బండి రోడ్డెక్కింది" అన్నాను. "వాహెద్ భాయ్, ఒకటో నంబర్ తీసెయ్."

"ప్రహ్లాద్, ఆగు. రాత్రికి మాట్లాడుకుందాం..."

"తీసెయ్."

సక్కుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నంబరంటే ఆమె ఇంటి జొన్నలు. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఇక మసి. దస్తగీర్ జనంలోంచి వచ్చాడు. తమ్ముడి చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. మోరీ దగ్గరికి పోయి బోర్లించాడు. అడుగున అంటుకున్నది కూడా వేలితో గీకి పారేశాడు. చేతులు తొట్టిలో కడుక్కుని పోయి మళ్ళీ తన చోట నిలబడ్డాడు. ఇంటి దారి చూసిన వాళ్ళు కూడా కదల్లేదు.

బాపు మాత్రం పగ్గాలు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఖైసర్ బేగం మెట్టు మీద కాలు పెట్టింది. బండి వెనక్కి వంగింది. మళ్ళీ సమంగా నిలిచింది. బాపు వీపులో బిగువు సడలడం నాకు కనిపించింది.

లోపలి నుంచి చెక్క మీద ఒక్క తట్టు.

"చల్ బేటా" అన్నాడు బాపు. లాడ్లి మా ఇంటి తోవ పట్టింది. జనం పాయ విడిచి దారిచ్చారు. జమేదారు ఏదో అరిచాడు గానీ ఒక్కడూ తల తిప్పలేదు.

హర్తాల్ నిలిచింది. రేటు పెంచారు. బేగారి మాత్రం కాగితం మీద పోయింది, రోడ్డు మీద పోలేదు. దానికి ఇంకో రెండు హర్తాళ్ళు కావలసి వచ్చాయి. అది వేరే కథ.

నంబరు లేని ఇంట్లో గుర్రం ఎందుకు? లాడ్లిని కిషన్‌బాగ్ వాడెవడో తోలుకుపోయాడు. అది పోతూ వాకిట్లో ఆగి, బాపు కేసి మెడ చాపింది. ఆయన అరుగు మీద కూర్చుని తలపాగా చుట్టుకుంటున్నాడు. "మంచి గుర్రం. ఎవరిది?" అని నన్నడిగాడు. ఆ రోజు సక్కుబాయి పొయ్యి వెలిగించలేదు.

బండి చక్రాలు కూడా అమ్మాం. ఒట్టి డొక్కు వాకిట్లో రాళ్ళ మీద నిలబెట్టాం. వంటచెరుకుకు కొడదామన్నాను నేను. సక్కుబాయి ఒప్పుకోలేదు. ఎందుకో తర్వాత చూశాను. బాపు పొద్దున్నే లేచి దాని పక్కన, గోడకేసి తిరిగి నిలబడేవాడు. ఎవరైనా ఎక్కి తట్టేదాకా అన్నం ముట్టేవాడు కాదు, కూర్చునేవాడు కాదు, బతిమాలితే తిట్టేవాడు, చెయ్యి పట్టుకుంటే కొరికేవాడు. సక్కుబాయి ఎక్కి తట్టేది. ఆమెకు పనుంటే ఖైసర్ బేగం వచ్చి, తస్బీ పూసలు తిప్పుకుంటూ లోపల కూర్చునేది. బాపు ముందు కూర్చుని, ఏమీ లేని చోటికి చేదతాడు పట్టుకుని, చల్ బేటా అనేవాడు. కాసేపటికి రెండుసార్లు తడితే దిగి, చెప్పిన మాట విని, అన్నం తినేవాడు. ఇద్దరాడవాళ్ళూ కలిసి ఆయనకో అడ్డా కట్టారు. నాకు చెప్పలేదు. చెపితే లొల్లి చేస్తానని.

చేసేవాణ్ణే. దేవిడి ముందు నిలబడిన ఆ వీపు నా ఇంటి వాకిట్లోకే వచ్చి నిలబడితే చేయనా?

మృగశిర వచ్చింది. ఆకాశం నల్లబడింది గానీ చినుకు లేదు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆడవాళ్ళిద్దరూ ఎవరింటికో పురిటికి పోయారు. అడ్డా మీటింగుకు వేళయింది. వాహెద్ మనిషి ఒకసారి వచ్చి పిలిచి పోయాడు. నేను చెప్పులు వేసుకుంటుంటే బాపు కనిపించాడు. గోడకేసి, వీపు ఇటు. ఎంతసేపటి నుంచో.

"బాపు, లోపలికి రా. వానొస్తది."

"ఉష్!" వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తాడు. "సవారీ ఎక్కుతుంది."

ఎవరూ ఎక్కడం లేదు. ధోతి తడిసి ఉంది. మెడ మీద చెమట ధార కట్టింది. నేను వాకిట్లో అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. చెప్పులు విప్పాను. సక్కుబాయి పెండ్లి చీర పక్కకు తీసి లోపలికి ఎక్కాను.

రాళ్ళ మీది డొక్కు నా బరువుకు కిర్రుమంది. అది సర్దుకునేదాకా ఆయన ఆగాడు. ఆ తర్వాత ముందుకొచ్చి కూర్చుని తాడు అందుకున్నాడు. లోపల చీర రంగు వెలుతురు. దిండు ఉంది. కూజా ఉంది. నేను ఒక్కసారి తట్టాను.

"చల్ బేటా."

తర్వాత ఆయన మాట్లాడాడు. ఆ తోవలో బతుకంతా నోరు విప్పని మనిషి.

"హుజూర్, గుస్తాఖీ మాఫ్. ఒక్క అర్జీ. మా ఇంట్ల ఒకడుంటడు. ఎవడో ఏమో. దినాం నా కాళ్ళు కడ్గుతడు. మంచోడే గాని కోపం జాస్తి, ఎప్పుడు సూసినా లొల్లి. వానికి అడ్డాల నంబర్ పోయిందట హుజూర్. ఎవడు తీసిండో పాపం. మీరొక మాట చెప్పి ఇప్పియ్యుండ్రి."

నేను నోరు తెరిచాను. మూసుకున్నాను. పరదా వెనక నుంచి గొంతు వినిపించకూడదు.

"నాకు గూడ ఉండు ఒక కొడుకు. ప్రహ్లాద్. పిట్టంత ఉంటడు. గుర్రం ఉలవలు జేబుల వోస్కోని తింటడు దొంగముండకొడుకు." నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. "నేను గోడ దిక్కు నిలవడ్తె వాడు సిగ్గువడ్తడు హుజూర్. సందు మొదట్లనే ఆగి నా దిక్కు సూస్తడు. నాకు తెలుస్తది. ఏం జెయ్యాలె? మీకు పరదా, నాకు గోడ. పెద్దగైతె వానికి సమజైతది."

వీధిలో వాహెద్ మనిషి మళ్ళీ వచ్చాడు. "ప్రహ్లాదన్నా! అందరు కూసున్నరు! ఉన్నవా?" అని పిలిచి, జవాబు లేక, పోయాడు. చీర మీద మొదటి చినుకు పడింది. తర్వాత ఇంకొకటి.

"దేవిడొచ్చింది హుజూర్" అన్నాడు బాపు. చెవి ఇటు వంచాడు. "ఆపాల్నా?"

చెయ్యెత్తాను. ఒక్కసారే తట్టాను.